చేతులు నొప్పి పుట్టాక అడగవలసిన ప్రశ్న

(వర్జీనియాలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక సోషల్ స్టడీస్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శనివారం పొద్దున ఈత, చదరంగం, కూచిపూడి తరగతులన్నీ సర్దుకుని వచ్చారు, సంతోషం. వెనక వరుసలో అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా కనిపిస్తున్నారు. ఈరోజు మీతో చాలా పని ఉంది. పిల్లల చదువుల గొడవ మాకెందుకని మధ్యలో లేచి వెళ్ళిపోకండి.

మన రాష్ట్రంలో నాలుగో తరగతి పిల్లలు వర్జీనియా చరిత్ర చదువుతారు. ఇంగ్లీషువాళ్ళు 1607లో జేమ్స్‌టౌన్‌లో దిగడం, పొగాకు తోటలు, 1619లో ఆఫ్రికన్లను ఇక్కడికి తీసుకురావడం, విలియమ్స్‌బర్గ్ రాజధాని కావడం, అక్కడి నుంచి 1776 స్వాతంత్ర్య ప్రకటన. పిల్లలు నాలుగో తరగతిలో ఉన్న ఏడాది మన ఇళ్ళలో జరిగే తంతు మీకు తెలిసిందే. రాత్రి తొమ్మిదింటికి పిల్ల వచ్చి, "అమ్మా, రేపు కలోనియల్ డే, ఇంగ్లీషు వలసల కాలపు వేషం వేయాలి. తెల్ల టోపీ, ఏప్రన్ కావాలి" అంటుంది. మీరు పాత దిండు గలీబు కత్తిరించి టోపీ కుడతారు. మర్నాడు ఫోటో. ఆ ఫోటో కాకినాడ దాకా, కరీంనగర్ దాకా వెళుతుంది. "బంగారుతల్లి, దిష్టి తీయండి" అని జవాబులు వస్తాయి. అంతటితో పద్దెనిమిదో శతాబ్దం సమాప్తం.

(నవ్వులు)

టోపీ మీద నాకు కోపమేమీ లేదు. అయితే టోపీ పెట్టుకుంటే ఆ కాలపు వేషం తెలుస్తుంది కానీ ఆ కాలపు రోజు తెలియదు. రోజంటే పని. అప్పటి పిల్లల పగలు ముప్పాతిక మువ్వీసం పనితోనే గడిచేది. అందుకని పిల్లలకు ఏదో ఒక పని ఇవ్వండి. ఇంటికి తెచ్చి షెల్ఫులో పెట్టుకోవడానికి బొమ్మ తయారుచేసే పని కాదు, అలసట వచ్చేంత, విసుగు పుట్టేంత పని. చేతులు నొప్పి పుట్టాక ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పని అప్పట్లో ఎవరు చేసేవారు? వద్దనే వీలు వాళ్ళకు ఉండేదా?" ఇదే ప్రశ్న ముందుగా అడిగితే ఉపన్యాసం మొదలైందనుకుని కిటికీలోంచి చూస్తారు. నొప్పి పుట్టాక అడిగితే జవాబు వాళ్ళే వెతుక్కుంటారు.

కొవ్వొత్తులతో మొదలుపెడతాను. దుకాణంలో తేనెమైనం రేకులు దొరుకుతాయి. మధ్యలో వత్తి పెట్టి చాపలా చుట్టేస్తే రెండు నిమిషాల్లో కొవ్వొత్తి తయారు. అది చేయించకండి. ముంచి తీసే పద్ధతి చేయించండి. ఒక పొడుగాటి డబ్బాలో మైనం కరిగించి, ఆ డబ్బాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టాలి. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళే ఉండాలి. పక్కన ఇంకో డబ్బాలో చన్నీళ్ళు. పుల్లకు కట్టిన నూలు వత్తిని మైనంలో ముంచి తీయాలి, చన్నీళ్ళలో ముంచి తీయాలి, నీటి చుక్కలు తుడవాలి, వంకర పోయిన వత్తిని వేళ్ళతో సాగదీయాలి, మళ్ళీ మైనంలో ముంచాలి. మొదటి నాలుగైదు మునకల వరకు ఏమీ జరిగినట్టు ఉండదు. తడిసిన దారం, అంతే. సరిగ్గా ఇక్కడ తరగతిలోకెల్లా చురుకైన పిల్లవాడు ఒక ఉపాయం పన్నుతాడు. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ మైనం పడుతుంది కదా అని వత్తిని లోపలే వదిలేస్తాడు. తీరా బయటికి తీస్తే అంతకుముందు పట్టినది కూడా కరిగిపోయి, మొదట ఎలా ఉందో అలా ఉత్త వత్తి వేలాడుతుంది. ఆ మొహం చూడాలి! నేను ముందుగా హెచ్చరించను. మునక తొందరగా ఉండాలి, మునకకూ మునకకూ మధ్య ఓపిక ఉండాలి అని మైనమే వాడికి చెబుతుంది.

అరగంట, ముప్పావుగంట గడిచేసరికి చిటికెన వేలంత లావు వస్తుంది. అప్పుడు దీపాలన్నీ ఆర్పి ఒకే ఒక్క కొవ్వొత్తి వెలిగించి, పిల్లల చేత ఒక పేజీ చదివించండి. పుస్తకాన్ని ఎంత దగ్గరికి జరుపుకోవాలో, తన తల నీడ తన పుస్తకం మీదే ఎలా పడుతుందో వాళ్ళకే తెలుస్తుంది. పొద్దుగూకగానే అప్పటివాళ్ళు ఎందుకు పడుకునేవారన్నది ఇక పరీక్ష కోసం బట్టీ పట్టవలసిన సంగతి కాదు.

అప్పుడు అసలు కథ చెప్పండి. చాలా ఇళ్ళలో వాడింది తేనెమైనం కాదు, పశువుల కొవ్వు. చలికాలం ముందు పశువులను కోసినప్పుడు ఆ కొవ్వు కరిగించి, ఏడాది పొడుగునా సరిపడే కొవ్వొత్తులు ఒకేసారి చేసుకునేవారు. పొగ, వాసన, ఎలుకల బెడద. సముద్రతీరంలో ఉన్నవారు బేబెర్రీ అనే పొద కాయలను ఉడకబెట్టి, పైకి తేలిన లేతపచ్చ మైనం తీసేవారు. దాని వాసన బాగుంటుంది. కానీ బుట్టలకొద్దీ కాయలు ఏరితే దక్కేది కాస్తంత మైనం. ఆ కాయలు ఏరినదెవరని వేరే చెప్పాలా, ఇంట్లో పిల్లలే.

వంద డాలర్ల నోటు మీద ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ తండ్రి బోస్టన్‌లో కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. పదేళ్ళకు బడి మాన్పించి కొడుకును అదే పనిలో పెట్టాడు. వత్తులు కత్తిరించడం, అచ్చుల్లో కొవ్వు పోయడం, దుకాణం చూసుకోవడం. ఆ పని తనకు నచ్చలేదనీ, సముద్రం మీదికి వెళ్ళిపోవాలని ఉండేదనీ ఫ్రాంక్లిన్ పెద్దయ్యాక రాసుకున్నాడు. పన్నెండేళ్ళకు, అంటే 1718లో, సొంత అన్న ముద్రణాలయంలోనే అప్రెంటిసుగా చేర్చారు. ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా అక్కడే పనిచేయాలని ఒప్పందం. పదిహేడేళ్ళకు పారిపోయాడు. నాలుగో తరగతి పిల్లలకు తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. మైనం అంటిన వేళ్ళతో ఈ కథ వింటున్నప్పుడు వాళ్ళు మనసులో లెక్కలు వేసుకుంటారు. ఆ పారిపోవడం గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని పడుతుంది.

వెన్న గురించి ఎక్కువ చెప్పను. సీసాలో క్రీము పోసి ఊపితే వెన్న వస్తుందని అందరికీ తెలుసు. ఒక్క జాగ్రత్త: సీసాను పదిమంది చేతులు మారనివ్వకండి. అలా పంచితే అది ఆట అయిపోతుంది. ఒక్కరే, వెన్న ముద్ద కట్టేదాకా. అమ్మమ్మలు పక్కన కవ్వం, కుండ పెట్టుకుని పెరుగు చిలికితే ఇంకా మంచిది. ఎవరిది ముందు తేలుతుందో పందెం వేయండి. నాకు తెలిసి అమ్మమ్మలదే తేలుతుంది.

ఇప్పుడు దారం. తకిలీ లాంటి చిన్న కదురుకు ఊలు తగిలించి వడకడం నేర్పడానికి ఒక పూట పడుతుంది. ఆ పూటంతా దారం తెగుతూనే ఉంటుంది. దీని వెనక పెద్ద కథ ఉంది. 1760లలో బ్రిటిష్ పార్లమెంటు పన్నులు వేయడం మొదలుపెట్టాక ఇక్కడివాళ్ళు ఇంగ్లండు సరుకు కొనడం మానేశారు. ఇంగ్లండు బట్ట కట్టడం నామోషీ అయింది, ఇంట్లో వడికి నేసిన ముతక బట్ట గౌరవమైంది. ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని పోటీలు పడి వడికారు. ఇది వింటే మీకు ఏం గుర్తొస్తుందో నేను చెప్పనక్కరలేదు. మొన్నీమధ్య మా తరగతికి ఒక పాప తాతయ్యగారు వచ్చారు, గుంటూరు దగ్గర పల్లె ఆయనది. ఆయన చిన్నప్పటి బడిలో చేతిపని ద్వారా చదువు చెప్పాలన్న గాంధీగారి నయీ తాలీమ్ ప్రభావంతో వడుకు పీరియడ్ ఉండేదట. కదురు చేతిలోకి తీసుకున్నారు. దూది అలవాటు చేతికి ఊలు మొదట లొంగలేదు. తరువాత బొటనవేలు, చూపుడువేలు మధ్య కదురును ఒక్క తిప్పు తిప్పి వదిలారు. అది గాలిలో తిరుగుతూ కిందికి దిగుతుంటే ఎడమచేయి పైకి లేస్తూ, మధ్యలో సన్నటి దారం. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. ఒక అబ్బాయి, "మీకు ఇది ఇష్టంగా ఉండేదా?" అని అడిగాడు. తాతయ్యగారు ఏ మాత్రం మొహమాటం లేకుండా, "పరమ చిరాకు నాయనా, మాస్టారు అటు తిరిగితే చాలు, దూది దాచేసేవాళ్ళం" అన్నారు. దేశభక్తి గురించి నేను అరగంట మాట్లాడినా రానంత నిజం ఆ ఒక్క ముక్కలో వచ్చింది.

ఇక్కడ కూడా మన ప్రశ్న అడగండి. వడికిన వాళ్ళందరూ పోటీలకు కూర్చున్న దేశభక్తురాళ్ళేనా? మౌంట్ వెర్నన్‌కు మీలో చాలామంది వెళ్ళి ఉంటారు. జార్జ్ వాషింగ్టన్ ఎస్టేటు. అక్కడ వడికే గది చూపిస్తారు. ఆ గదిలో రాట్నాల ముందు కూర్చున్నది బానిసలుగా ఉంచిన నల్లజాతి స్త్రీలు. బ్రిటిష్ బట్ట బహిష్కరించిన దేశంలో స్వదేశీ నూలు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో అక్కడ కనిపిస్తుంది.

బట్టల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. కొంచెం కలిగిన అమెరికా ఇళ్ళలో పువ్వులు, లతలు అద్దిన రంగు బట్టలుండేవి, మంచం దుప్పట్లకీ గౌనులకీ వాడేవారు. వాటిలో మేలురకం మన కోరమండల్ తీరం నుంచి వెళ్ళినవే. ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో వ్యాపార స్థావరం పెట్టినది 1611లో, జేమ్స్‌టౌన్ తరువాత నాలుగేళ్ళకే. మన చిరివేరు అనే మొక్క వేరుతో అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా వదలదని యూరప్ అంతా విరగబడి కొన్నది. ఇంగ్లండు నేతగాళ్ళ పోరు పడలేక అక్కడ ఈ బట్ట కట్టడాన్ని 1721 చట్టంతో నిషేధించారు. అమెరికా వలసలకు మాత్రం ఆ నిషేధం వర్తించలేదు, ఓడలు ఇటు వచ్చాయి. యేల్ విశ్వవిద్యాలయం పేరు మన ఇళ్ళలో రోజుకొకసారైనా వినబడుతుంది కదా. ఆ పేరు ఎలీహు యేల్‌ది. ఆయన మద్రాసు సెయింట్ జార్జ్ కోటకు గవర్నరుగా చేశాడు. 1718లో తొమ్మిది మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి పటం ఇక్కడి ఒక కాలేజీకి పంపితే, ఆ సరుకు అమ్మి వచ్చిన డబ్బుతో భవనం కట్టి కాలేజీకి ఆయన పేరు పెట్టుకున్నారు. ఈ కథ చెప్పి పిల్లలను అక్కడ చేరమని సతాయించడం మొదలుపెట్టకండి, అందుకు చెప్పలేదు.

(నవ్వులు)

టీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1773 డిసెంబరు 16 రాత్రి బ్రిటిష్ పన్ను మీద కోపంతో బోస్టన్‌లో జనం సముద్రం పాలు చేసిన 342 పెట్టెల టీ ఈస్టిండియా కంపెనీదే. కంపెనీ పేరు వినగానే మనవాళ్ళు "మన టీయే" అని పిల్లలకు చెబుతుంటారు. అది చైనా టీ. అస్సాంలో తోటలు వేసింది 1830లలో.

సిరా చేయించడం నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. ఓక్ చెట్ల కింద గుండ్రటి మాచికాయలు రాలి ఉంటాయి, ఒక జాతి కందిరీగ గుడ్లు పెట్టినచోట చెట్టుకు పుట్టే బుడిపెలు. వాటిని దంచి నీళ్ళలో నానబెట్టి, ఇనుపలవణం, కాస్త జిగురు కలిపితే అప్పటి సిరా. పత్రాలన్నీ దాంతోనే రాశారు. చిన్నపిల్లలతో అయితే ఇనుపలవణం జోలికి పోవద్దు. తుప్పు పట్టిన మేకులను వెనిగర్‌లో కొన్నాళ్ళు నానేయండి చాలు. మాచికాయలు దొరక్కపోతే ఇండియన్ దుకాణంలో కరక్కాయలు అడగండి. శ్రీకాళహస్తి కలంకారీ చూసినవారికి ఈ రసాయనం కొత్త కాదు. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుము బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో గీస్తే నలుపు తేలుతుంది. కరక్కాయలోని వగరుకూ ఇనుముకూ మధ్య జరిగేదే మాచికాయ సిరాలోనూ జరుగుతుంది. బాతు ఈకను చెక్కి ముంచి రాస్తే, గీత మొదట పాలిపోయి ఉంటుంది. పిల్లలు "టీచర్, ఇది పనిచేయడం లేదు" అంటారు. మాట్లాడకుండా ఉండండి. గాలి తగిలినకొద్దీ అది వాళ్ళ కళ్ళముందే నల్లబడుతుంది.

ఆ ఈకతోనే విలియమ్స్‌బర్గ్ బ్రే స్కూలు గురించి చెప్పండి. 1760 నుంచి 1774 దాకా ఆన్ వేజర్ అనే ఆవిడ అక్కడ నల్లజాతి పిల్లలకు చదువు చెప్పింది. వారిలో ఎక్కువమంది బానిస పిల్లలు. బడి పెట్టినవారి ఉద్దేశం మతం, విధేయత నేర్పడం. కానీ చదవడం వచ్చిన పిల్ల తనకు చెప్పినది మాత్రమే చదివి ఊరుకుంటుందా? ఆ బడి నడిచిన ఇల్లు ఇటీవలే గుర్తుపట్టారు. 2023లో దాన్ని కొలోనియల్ విలియమ్స్‌బర్గ్‌కు, అంటే ఆ కాలపు ఊరిని అలాగే నిలిపి చూపించే ప్రదర్శనశాలకు, తరలించారు. ఊరు చూడడానికి వెళితే ఫిరంగి పేలుడు ఒక్కటే చూసి రాకండి, అక్కడ కూడా ఆగండి.

చేయించకూడనివి రెండున్నాయి. థాంక్స్‌గివింగ్‌కు కాగితం ఈకల కిరీటాలు పెట్టించకండి. ఆ పండుగకు మూలమని చెప్పే 1621 నాటి ప్లిమత్ విందుకు వచ్చినవారు వాంపనోగ్ అనే స్థానిక జాతివాళ్ళు, వాళ్ళ నాయకుడు మాసాసోయిట్‌తో పాటు తొంభైమంది దాకా. మూడు రోజులున్నారు, అయిదు జింకలు వేటాడి తెచ్చిచ్చారు. ఆ ఈకల కిరీటాలు పశ్చిమాన మైదానాల్లో ఉన్న వేరే జాతులవి. రెండోది, బానిసత్వాన్ని నాటకంగా ఆడించకండి. కొన్ని బళ్ళలో పిల్లలను యజమానులుగా, బానిసలుగా విడగొట్టి ఆడించిన సందర్భాలు వార్తల్లోకి వచ్చాయి. ఆ ఆటలో ఒక పిల్ల మనసు విరుగుతుంది, మిగతావాళ్ళు అది ఆటే కదా అనుకుంటారు. పనిని చేయించవచ్చు, అవమానాన్ని చేయించకూడదు.

మరి బానిసత్వం గురించి చేతులతో ఏమీ చెప్పలేమా అంటే, చెప్పగలం. నేను తోలుపని పెడతాను, అయిదో తరగతి దాటిన పిల్లలతో. రెండు మందపాటి తోలుముక్కలు, బెజ్జాలు పొడిచే ఆరె, మైనం పూసిన దారం, రెండు సూదులు. ముందు ఆరెతో బెజ్జం, తరువాత ఒకే బెజ్జంలోంచి రెండు వైపుల నుంచీ రెండు సూదులు, దారం బిగించి లాగడం, మళ్ళీ బెజ్జం. జానెడు కుట్టేసరికి చూపుడువేలి పక్కన దారం కోత పడుతుంది. అరచేతిలో ఆరె పిడి గుర్తు ఎర్రగా ఉంటుంది. అప్పుడు ఒక పత్రికా ప్రకటన చదివిస్తాను.

1769 సెప్టెంబరులో వర్జీనియా గెజెట్‌లో వచ్చింది. శాండీ అనే బానిస పారిపోయాడు. వయసు సుమారు 35. చెప్పులు కుట్టడం వృత్తి, ఆ పనిలో ముఖ్యంగా ఎడమచేయి వాడతాడు. మోటు వడ్రంగం కూడా వచ్చు. గుర్రపుస్వారీలో దిట్ట. వెళుతూ ఒక తెల్లగుర్రాన్నీ, తన చెప్పుల పనిముట్లనూ తీసుకెళ్ళాడు, ఆ పని చూసుకుని బతుకుదామనుకుంటాడు కాబోలు. పట్టి తెచ్చినవారికి అదే కౌంటీలో అయితే 40 షిల్లింగులు, దూరం పెరిగినకొద్దీ ఎక్కువ. కింద సంతకం: థామస్ జెఫర్సన్.

సంతకం నేను చివరిదాకా చదవను. మధ్యలో ఆపి, "ఇతని గురించి మీకు ఏం తెలిసింది?" అని అడుగుతాను. ప్రతి తరగతిలోనూ ఎడమచేతివాటం పిల్ల ఒకరు ఉండనే ఉంటారు. ఆ పిల్ల నిటారుగా కూర్చుంటుంది. మిగతావాళ్ళు ఎడమచేత్తో ఆరె పట్టుకుని చూస్తారు. ఒకసారి ఒక అమ్మాయి, "పనిముట్లు ఎందుకు తీసుకెళ్ళాడు? బరువు కదా" అంది. వెంటనే పక్కనున్న అబ్బాయి, "అవి లేకపోతే డబ్బు ఎలా సంపాదిస్తాడు?" అన్నాడు. యజమాని ఇతన్ని పట్టించడానికి రాసిన గుర్తులే ఇవాళ మనకు ఇతన్ని మనిషిగా చూపిస్తున్నాయని వాళ్ళ మాటల్లో వాళ్ళే అంటారు. అప్పుడు సంతకం చదువుతాను. మనుషులందరూ సమానంగా పుట్టారని ఏడేళ్ళ తరువాత స్వాతంత్ర్య ప్రకటనలో రాసినది ఆ చేయే.

ఫ్రాంక్లిన్ పారిపోవడం గుర్తుందా? కొవ్వొత్తులు చేసిన పిల్లలు ఆ కథ మరిచిపోరు. ఇద్దరూ చేతిపని తెలిసినవారే, ఇద్దరూ పారిపోయినవారే. ఒకాయన ఫిలడెల్ఫియా చేరి సొంత ముద్రణాలయం పెట్టుకున్నాడు. శాండీ పట్టుబడ్డాడు, 1773లో జెఫర్సన్ అతన్ని అమ్మేశాడు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి నేను కూర్చుంటాను. తేడా ఎక్కడ ఉందో పిల్లలే వాదించుకుంటారు. గంట కొట్టినా లేవరు.

ఇక సరంజామా విషయం, దాని గురించి చాలామంది అడుగుతూ రాసి ఇచ్చారు. తోలు కొత్తది కొనక్కరలేదు, పాత సంచులు, బెల్టులు కోయండి. ఆరె చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, పెద్దవాళ్ళు బెజ్జాలు పొడిచి ఇస్తే కుట్టు వాళ్ళు వేస్తారు. మాచికాయలు ఆకురాలే కాలంలో ఓక్ చెట్ల కింద దొరుకుతాయి. చిన్న రంధ్రం ఉన్నవి తీసుకోండి, లోపలి పురుగు అప్పటికే ఎగిరిపోయి ఉంటుంది. కదుళ్ళు మా తరగతిలో ఉన్నాయి, పట్టుకెళ్ళి తిరిగి తెచ్చివ్వండి. వడకడం వచ్చిన తాతయ్యలు వెళ్ళేముందు నాకు ఫోను నంబరు ఇచ్చి వెళ్ళండి. కొవ్వొత్తుల పని మాత్రం ఎండాకాలంలో పెట్టుకోవద్దు. మైనం తొందరగా గట్టిపడదు, పిల్లలు ఆటకు పోతామని గునుస్తారు. నవంబరులో పెట్టుకోండి, అప్పటివాళ్ళు చేసుకున్నదీ ఆ రోజుల్లోనే.